తల ఊపితే ఏమన్నట్టు?

(న్యాయవాదుల సభలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు పాఠం)



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన నా సీనియర్. ఆయన దానధర్మాల గురించి, జ్ఞాపకశక్తి గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నాకు మిగిలింది ఆయన అలవాటు ఒకటి. బోనులో సాక్షి నోరు విప్పకుండా తల ఊపి ఊరుకున్నాడనుకోండి, చాలామంది ప్లీడర్లు తమకు పనికొచ్చే అర్థం తీసుకుని తరవాతి ప్రశ్నకు పోతారు. ఆయన మాత్రం జడ్జిగారి వైపు తిరిగి, "నేనడిగిన ప్రశ్న కూడా రాయించండి, సాక్షి తల ఎటు ఊపాడో కూడా రాయించండి" అనేవారు. ఎదుటి ప్లీడరు విసుక్కున్నా సరే, రాయించేదాకా కదిలేవారు కాదు.

ఆ పట్టుదలలో ఒక సిద్ధాంతమే ఉందని నాకు అనిపిస్తుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదొక్కటే. సైగను దాని ప్రశ్న నుంచి విడదీస్తే అందులో అర్థం మిగలదు. ఎవరు అడిగారు, ఏమని అడిగారు, ఎవరి ఎదుట అడిగారు అన్నవి తెలిస్తేనే ఊపిన తలకు ఒక మాట విలువ వస్తుంది.

మన తల ఊపుతోనే మొదలుపెడదాం. మెడ నిటారుగా ఉంచి తలను ఆ భుజానికీ ఈ భుజానికీ వాలుస్తూ మనం ఊపే ఊపు బయటివాళ్ళను తికమక పెడుతుంది. అవునంటున్నాడా, కాదంటున్నాడా, చూద్దాంలే అంటున్నాడా? బల్గేరియాలో అయితే తల పైకీ కిందికీ ఆడిస్తే కాదని అర్థం. కాబట్టి ఈ చిక్కు మనకొక్కరికే లేదు. కూరలబండి అబ్బాయి, "కిలో ముప్పైకి ఇస్తావా?" అంటే ఊపిన తలకూ, హరికథ వింటూ ముసలాయన ఊపిన తలకూ, అప్పు తీర్చమని అడిగితే బాకీదారు ఊపిన తలకూ కదలికలో తేడా లేదు. మూడింటినీ మనం క్షణంలో పట్టేస్తాం, మూడో దాన్ని నమ్మం కూడా.

మన పూర్వులకు ఇది బాగా తెలుసు. నందికేశ్వరుడి 'అభినయదర్పణం' తొమ్మిది శిరోభేదాలు చెప్పింది. వాటిలో పరివాహితం అనేది తలను వింజామరలా అటూ ఇటూ కదిలించడం. దాన్ని ఎక్కడ వాడాలో చెబుతూ మోహం, విరహం, స్తుతి, సంతోషం, ఆమోదం, ఆలోచన అని వరస పెట్టింది. ఒకే కదలికకు ఆమోదమూ, ఇంకా తేల్చుకోని ఆలోచనా రెండూ అర్థాలేనన్నమాట. శాస్త్రకారుడు పొరపాటు పడలేదు. అర్థం సందర్భంలో ఉంటుందని ఆయనకు తెలుసు, నటుడికీ తెలుసు. ఈ గ్రంథాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చి 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ద్వారా ప్రపంచానికి అందించింది ఎవరో కాదు, మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. చీరాల పేరాల ఉద్యమం దగ్గర ఆయన్ని తలుచుకుని అక్కడే ఆగిపోతాం. ముద్రల గురించి, శిరోభేదాల గురించి పాశ్చాత్య పాఠకులు చదివిన తొలి పుస్తకాల్లో ఒకదాని అట్ట మీద ఆయన పేరుందని మన న్యాయ కళాశాలల్లోనే కాదు, నాట్య పాఠశాలల్లో కూడా ఎందరు చెబుతున్నారో నాకు అనుమానమే.

మరి ఇవాళ మన పిల్లలకు సైగల శాస్త్రం ఎవరు చెబుతున్నారు? వ్యక్తిత్వ వికాసం క్లాసులవాళ్ళు. అక్కడ మొదటి రోజే బోర్డు మీద రాసే లెక్క ఒకటుంది: మన భావంలో మాటల వాటా 7 శాతం, గొంతు వాటా 38 శాతం, ముఖం వాటా 55 శాతం. మాట్లాడేదాంట్లో 93 శాతం మాటలే కాదని విన్న పిల్లలు నోరు తెరుస్తారు. నిజంగా అంతే అయితే నా ఉపన్యాసాన్ని మీరు చెవులు మూసుకుని వినొచ్చు, ఏడు శాతమేగా పోయేది! ఈ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో అచ్చువేసిన రెండు ప్రయోగాలవి. ఆయన చేసిన పని చిన్నది. ఒక్కొక్క మాటను రకరకాల గొంతుల్లో రికార్డు చేసి వినిపించాడు, ముఖాల ఫొటోలు చూపించాడు, అవతలి మనిషికి ఇష్టమా అయిష్టమా చెప్పమన్నాడు. మాటా గొంతూ, గొంతూ ముఖమూ ఒకదానికొకటి అడ్డం తిరిగినప్పుడు ఇష్టాయిష్టాల సంగతిలో జనం మాట కన్నా గొంతును, గొంతు కన్నా ముఖాన్ని ఎక్కువగా నమ్మారు. అంతవరకే. మామూలు సంభాషణకు ఈ లెక్క వర్తించదని ఆయనే తరవాత స్పష్టం చేశాడు. ఆ మాట మాత్రం ఏ బోర్డు మీదా నేను చూడలేదు.

ఈ క్లాసుల్లో రెండో పాఠం చేతులు కట్టుకోవడం గురించి. ఛాతీ మీద చేతులు కట్టుకున్నవాడు మనసు మూసేసుకున్నాడట, ఎదుటివాణ్ణి ఒప్పుకోవడం లేదట. "చేతులు కట్టుకో" అన్న మాట ఒకటో తరగతిలో వినని తెలుగువాడు ఎవరండీ? మనకు అది అణకువ. పెద్దల ముందు, దేవుడి ముందు, యజమాని ముందు నిలబడే తీరు. అమెరికాలో రాసిన పుస్తకం పట్టుకుని మన ఊరి కుర్రాణ్ణి ఇంటర్వ్యూ చేసే అధికారి, అణిగిమణిగి నిలబడ్డవాడికి పొగరనే మార్కు వేస్తాడు.

ఇప్పుడు మన వృత్తిలోకి వస్తాను. సైగ గురించి మన దేశంలో అన్నిటికన్నా లోతైన చర్చ ఏ విశ్వవిద్యాలయంలోనో జరగలేదు, 1885లో అలహాబాద్ హైకోర్టులో జరిగింది. క్వీన్ ఎంప్రెస్ వర్సెస్ అబ్దుల్లా కేసు. ఒక యువతి గొంతు కోశారు. ప్రాణం ఉంది, మాట లేదు. ఆసుపత్రిలో మేజిస్ట్రేటు ఎవరు చేశారని అడిగితే జవాబు చెప్పలేకపోయింది. అప్పుడు పేర్లు ఒక్కొక్కటే చెప్పి అడిగారు. కొన్నిటికి చేత్తో కాదంది. ఒక పేరు దగ్గర అవునంది. కత్తితోనా అంటే కాదంది, మంగలికత్తితోనా అంటే అవునంది. తరవాత చనిపోయింది.

అప్పటి సాక్ష్యచట్టం 32వ సెక్షన్ ప్రకారం చనిపోయినవారు రాసి గానీ మాటగా గానీ చెప్పింది సాక్ష్యమయ్యేది. చెయ్యి ఊపడం రాతా కాదు, మాటా కాదు కదా అన్నది ముద్దాయి తరఫు వాదన. తేలికగా కొట్టిపారేసే వాదన కాదది. ఫుల్ బెంచ్ కూర్చుంది. మెజారిటీ న్యాయమూర్తులు తేల్చింది ఏమిటంటే: అడిగిన ప్రశ్ననూ, ఆమె చేసిన సైగనూ కలిపి చూడాలి. ప్రశ్నలోని మాటలను ఆమె తన సైగతో తనవిగా చేసుకుంది. కాబట్టి అవి ఆమె చెప్పిన మాటలే.

ఆ కోర్టు ఏం చెయ్యలేదో కూడా గమనించండి. ఆమె కళ్ళలో భయం కనిపించిందని రాయలేదు. చెయ్యి వణికిన తీరును బట్టి నిజం తెలిసిందని రాయలేదు. ప్రశ్న ఏమిటి, సైగ ఏమిటి అన్న రెండింటినే పట్టుకుంది. సిలోన్ నుంచి వెళ్ళిన ఇలాంటి కేసులోనే తరవాత ప్రివీ కౌన్సిల్ ఇదే దారి పట్టింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో 1994లో సుప్రీంకోర్టు, తల ఊపులతో సైగలతో ఇచ్చిన మరణ వాంగ్మూలం చెల్లడమే కాదు, దానికి సాక్ష్యంగా విలువ కూడా ఉందని చెప్పింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఘోరానికి గురైన అమ్మాయి మూడో వాంగ్మూలం కూడా అలాంటిదే. మేజిస్ట్రేటు జవాబులు ఎంచుకునే తరహాలో ప్రశ్నలు వేశారు, ఆమె సైగలతోనూ కొంత రాతతోనూ జవాబులిచ్చింది. 2017లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది.

ఇందులో ప్రమాదం లేదా? ఉంది. ప్రశ్నలోని మాటలు సాక్షివి అవుతాయంటే, ప్రశ్న అడిగేవాడి చేతిలో చాలా అధికారం ఉందన్నమాటే. ఒక్క పేరే చెప్పి "వీడేనా?" అని అడిగితే, నొప్పితో మూలిగినా తల కదులుతుంది, ఆ కదలికే అవునని రికార్డవుతుంది. అలహాబాద్ కేసులో నాకు నచ్చింది ఆ 'కాదు'లు. కొన్నిటికి కాదన్న మనిషి ఒకదానికి అవునంటేనే ఆ అవునుకు బరువు. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న తండ్రి పక్కన నిలబడి, "నాన్నా, ఇల్లు నా పేర రాయమన్నావు కదూ?" అని అడిగి, కదిలిన తలను చూపించి దావా వేసే కొడుకులను ఈ హాల్లో ఉన్న ప్రతి ప్లీడరూ చూశాడు. అలాంటి కొడుకును నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: "దానికి ముందు ఆయన కాదని తల ఊపగల ప్రశ్న ఏదైనా అడిగారా?"

కోర్టు బయట కూడా సైగతో వ్యవహారం నడిపే చోట జనం ఈ జాగ్రత్త పడతారు. పశువుల సంతలో దళారులను చూడండి. కొనేవాడి చెయ్యి దళారి చేతిలో ఉంటుంది, పైన తువ్వాలు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ జనం మూగి ఉన్నా బేరం ఆ తువ్వాలు కిందే. పట్టుకున్న వేలు వందా, వెయ్యా, పది వేలా? అది వేలు చెప్పదు, ఎదురుగా కట్టేసి ఉన్న ఎద్దు చెబుతుంది. ముసలి ఎద్దు దగ్గర రెండు వేళ్ళకూ, ఒంగోలు జాతి కోడె దగ్గర రెండు వేళ్ళకూ తేడా తెలియనివాడు ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టడు.

దీనికి తోబుట్టువులాంటి కేసు 2023లో కెనడాలో వచ్చింది. ధాన్యం కొనే కంపెనీ ఒక రైతుకు 87 టన్నుల అవిసె గింజల ఒప్పందాన్ని ఫోనులో ఫొటో తీసి పంపి, ఖాయం చెయ్యమంది. రైతు బొటనవేలు బొమ్మ పంపి ఊరుకున్నాడు. గింజలు పంపలేదు, ఈలోగా ధర పెరిగింది. కాగితం అందిందని చెప్పడానికే ఆ బొమ్మ పంపానన్నాడు. సస్కాచ్వాన్ కోర్టు వాళ్ళిద్దరి పాత వ్యవహారం తీసి చూసింది. అంతకుముందు ఒప్పందాలకు కూడా అతను ఒకటి రెండు ముక్కల్లో జవాబిచ్చి, సరుకు సక్రమంగా పంపాడు. కాబట్టి ఈ బొటనవేలు సంతకమేనని 82 వేల కెనడా డాలర్లకు పైగా నష్టపరిహారం వేసింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెయింటెనెన్స్ పెంపు నోటీసు కింద పొద్దున్నే నమస్కారం బొమ్మ పెట్టేవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి.

ఇక అబద్ధం సంగతి. ముఖం చూసి అబద్ధం కనిపెడతామన్న నమ్మకం మనందరిలో ఉంది, పోలీసుల్లో ఇంకా ఎక్కువ. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో అప్పటిదాకా జరిగిన రెండు వందల పైచిలుకు అధ్యయనాలను గుదిగుచ్చి చూశారు. ఎదుటివాడు చెప్పేది నిజమో అబద్ధమో మనిషి సరిగ్గా పోల్చుకునేది సగటున 54 శాతం. బొమ్మా బొరుసూ వేస్తే 50. ఈ పని వృత్తిగా చేసేవాళ్ళు మామూలు జనం కంటే చెప్పుకోదగినంత మెరుగ్గా ఏమీ లేరు. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల వాలకం చూసి ఉగ్రవాదులను పట్టే పథకం ఒకటి పెట్టారు. దానికి శాస్త్రీయ ఆధారం చాలదు, నిధులు తగ్గించండని 2013లో ఆ ప్రభుత్వపు ఆడిట్ సంస్థే చెప్పింది.

సాక్షి వాలకం గురించి అవసరమనిపిస్తే న్యాయమూర్తి రాసుకోవచ్చని మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలో కూడా ఆ ఏర్పాటు ఉంది. ఉండాల్సిందే. కానీ మన కోర్టుకు మొదటిసారి వచ్చిన కూలిమనిషి జడ్జిగారి కళ్ళలోకి చూసి మాట్లాడుతుందని ఎలా అనుకుంటాం? పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడటం తప్పని నేర్పి పెంచింది మనమే. నల్లకోటు, ఎత్తు బల్ల, అర్థంకాని ఇంగ్లీషు. గొంతు పెగలదు, చెమట పడుతుంది. ఇవి అబద్ధానికి గుర్తులని రాస్తే, దిన్నె మీద నాటకం చూసిన అనుభవం ఉన్న పల్లెటూరి ముసలమ్మ కూడా నవ్వుతుంది. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో చెమట, వణుకు, గొంతు మారడం, రంగు వెలవెలబోవడం అన్నీ ఉన్నాయి. అవి భయానికీ వస్తాయి, ప్రేమకూ వస్తాయి. నిజం చెప్పేవాడికీ వస్తాయి.

ఇంతవరకూ ప్రశ్న నోటితో అడిగేదన్నట్టు మాట్లాడాను. అడగకుండానే అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, వాటికి జవాబు శరీరమే చెప్పాలి. "నువ్వెవరివో నీకు గుర్తుందా?" అన్నది అలాంటి ప్రశ్న. దొర ఎదురొస్తే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవడం, చెప్పులు చేత పట్టుకుని నడవడం దానికి తరతరాలుగా చెప్పించుకున్న జవాబులు. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1966లో రాసిన పుస్తకంలో మనుషుల మధ్య ఎడాన్ని కొలిచాడు. సన్నిహితులకు అడుగున్నర లోపు, స్నేహితులకు నాలుగడుగుల లోపు అంటూ. ఆ కొలతలు తన చుట్టుపక్కల మధ్యతరగతివాళ్ళవని ఒప్పుకున్నాడు కూడా. మన పల్లెవెలుగు బస్సు ఎక్కితే ఆ కొలతలు మొదటి స్టేజీలోనే పోతాయి. కానీ అదే బస్సు దిగి ఊళ్ళోకి నడిచాక ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడాలో అంగుళాలతో సహా తెలిసిన ఊళ్ళు మనకున్నాయి.

చుండూరు మన జిల్లాల చరిత్ర, అది వదిలి ఈ విషయం మాట్లాడలేను. 1991లో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకులస్థుడికి తగిలింది. ఇరుకు హాల్లో కాలు తగలడం రోజూ జరిగేదే. ఆ తగలడానికి ధిక్కారమనే అర్థం ఇచ్చింది కులం. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి 2007లో శిక్షలు వేశారు, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. శరీరభాష పుస్తకాల్లో 'స్పర్శ' అనే అధ్యాయం ఉంటుంది. చుండూరు లేని ఆ అధ్యాయం మనకు చాలదు.

మిగిలింది మౌనం. మౌనం అర్ధాంగీకారమన్న మాటను మనం ఎంత హాయిగా వాడతామో! పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల వంచుకుంటే, "మా పిల్ల సిగ్గుపడింది, ఇష్టమే" అని పెదనాన్న ప్రకటిస్తాడు. అబ్బాయి తల వంచుకుంటే మాత్రం, "ఏరా, నచ్చలేదా?" అని పక్కకు తీసుకెళ్ళి అడుగుతారు. వంచిన తల ఒకటే, అడిగేవాడి లెక్క వేరు.

ఆ సామెత కోర్టు దాకా వస్తే ఏమవుతుందో మథుర కేసు చూపించింది. 1972లో మహారాష్ట్రలో రాత్రిపూట పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ బాలిక మీద అత్యాచారం జరిగిందన్న కేసు. భయంతో లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు, ఒంటి మీద గాయాలు లేవని, అరవలేదని చూపించి ఆ పోలీసులను విడుదల చేసింది. మరుసటి ఏడు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ మౌనం ఎక్కడిది? స్టేషన్‌లోది. ఎవరి ముందు? ఖాకీ బట్టల ముందు. ఏ వేళప్పుడు? ఇవి చూడకుండా మౌనానికి అర్థం చెప్పడమే తీర్పులోని లోపమని నా అభిప్రాయం. 1983లో చట్టం మారింది. 2013లో ఇంకా మారింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ వివరణలో ఉన్నది కూడా అదే: సమ్మతి అంటే ఆ ఫలానా చర్యకు మాటతోనో సైగతోనో, మరే విధంగానో స్త్రీ తనంతట తాను, అనుమానానికి తావులేకుండా తెలిపిన సుముఖత. ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదు. మాటలు లేని సంభాషణ గురించి మన చట్టం రాసుకున్న వాక్యాల్లో ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు.

చివరగా ఒక్క స్పష్టీకరణ. బధిరులు వాడే సంకేత భాషను ఈ సైగల్లో కలపకండి. అది వ్యాకరణం ఉన్న పూర్తి భాష. మాట్లాడలేని సాక్షి బహిరంగ కోర్టులో రాతతో గానీ సంకేతాలతో గానీ సాక్ష్యం చెప్పవచ్చు, చట్టం దాన్ని నోటి సాక్ష్యంగానే లెక్కిస్తుంది. 2013 నుంచి దుబాసీ సాయం, వీడియో రికార్డింగు కూడా ఉండాలంటోంది. 2023లో సారా సన్నీ అనే బధిర న్యాయవాది దుబాసీ సాయంతో సుప్రీంకోర్టులో హాజరయ్యారు. మన జిల్లా కోర్టుల్లో మాత్రం ఇప్పటికీ సాక్షి అన్ననో మేనమామనో పిలిచి తర్జుమా చెయ్యమంటున్న సందర్భాలు ఉన్నాయి. ఆస్తి తగాదాలో ఆ మేనమామే అవతలి పార్టీ కావచ్చు!

జూనియర్లకు నా విన్నపం. సంకేత భాష దుబాసీ కావాలని మొదటి వాయిదాలోనే మెమో వెయ్యండి, బంధువుతో సరిపెట్టుకోకండి. సాక్షి తల ఊపితే, డిపోజిషన్ మీద సంతకం పెట్టేలోపు లేచి నిలబడి, మీ ప్రశ్న మాటకు మాట రాశారో లేదో, తల ఎటు ఊపాడో రాశారో లేదో చదివించుకోండి. రాయకపోతే రాయించండి. జడ్జిగారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.